కర్షకుని వీపు: దాని శుభ్రత, సంరక్షణము

సేద్యగాని శరీరమున ఎండను, బరువును, దుమ్మును అన్నిటికంటె మిన్నగా భరించునది వీపు. నాట్లు వేయునపుడును, కలుపు తీయునపుడును, కోత కోయునపుడును నడుము వంగియుండును గనుక సూర్యుని వేడిమి తిన్నగా వీపుమీదనే పడును. ధాన్యపు బస్తాయైనను, గడ్డిమోపైనను, మందుపంపైనను మోయవలసినది వీపే. అయినను స్నానవేళ మిక్కిలి తక్కువ శ్రద్ధ నొందునదియు నదియే. పొలమునుండి రాగానే ముఖమును, చేతులను, కాళ్లను రుద్ది కడుగుకొందుము. వీపుమీద మాత్రము రెండు చెంబుల నీళ్లు పోసికొని తృప్తిపడుదుము. దీనికి సోమరితనము కారణము కాదు. వీపు మన కంటికి కనబడదు. దాని నడిమిభాగము మన చేతికందదు. కంటికి కనబడని మూలనున్న మడిలో కలుపు పెరుగుట సహజమే కదా!

మేము గ్రామములలో తిరుగుచు సస్యరక్షణ ప్రదర్శనములు జరుపునపుడు పైరును గూర్చియే గాక పైరు పెంచు మనుష్యుని గూర్చియు విచారించుచుందుము. ఆకుమీద చిన్న మచ్చ కనబడినంతనే ఆ యాకును త్రుంచి మాయొద్దకు తెచ్చి చూపు రైతు, తన వీపుమీద అరచేతియంత మచ్చ యున్నదని యెరుగకయే సంవత్సరములు గడుపుట కలదు. కావున ఈ మాసమున పైరుల ముచ్చట కొంత ప్రక్కకుంచి, వీపును గూర్చి కొన్ని మాటలు వ్రాయుచున్నాము.

చర్మమును చెమటయు

చెమట స్వభావముచే చెడ్డది కాదు. అది ఆవిరియై పోవుచు శరీరమును చల్లబరచును. కాని నీరు పోయి ఉప్పు మిగులును. వీపు పైభాగమున, భుజముల నడుమ, చర్మమునకు జిడ్డు నిచ్చు గ్రంథు లధికముగా నుండును. ఈ జిడ్డునకు ఉప్పును, దుమ్మును, వరినూగును చేరి చర్మమున కంటుకొని యుండును. తడిసిన చొక్కా దానిని రోజంతయు అదిమి పట్టును. చెమట వెలుపలికి వచ్చు దారులు మూసికొనిపోగా చెమటకాయలు లేచును. వానిని గోళ్లతో గోకినచో చర్మము చిట్లి, ఆ చీలికలగుండ సూక్ష్మజీవులు లోనికి ప్రవేశించి చీము పట్టును. సెగగడ్డలు లేచుట కదియొక దారి.

సిబ్బెమనియు శోభియనియు మనవారు పిలుచు తెల్లని పొడిమచ్చలు మరియొక విధమైనవి. వీనికి కారణమగు బూజుజాతి జీవి అందరి చర్మముమీదను ఉండునదే. అది చర్మపు జిడ్డును తిని బ్రతుకును. ఉక్కయు తడియు హెచ్చినపుడు అది మితిమీరి పెరిగి మచ్చలను కలిగించును. ఇది అపాయకరమైనది కాదు, అశుభ్రుల వ్యాధియు కాదు. మందు వ్రాసినచో తగ్గును. అయితే సూక్ష్మజీవి చచ్చిన తరువాతను రంగు తిరిగి వచ్చుటకు కొన్ని నెలలు పట్టును గనుక మందు పనిచేయలేదని తొందరపడరాదు.

నిత్యస్నాన విధానము

పని ముగిసి యింటికి వచ్చిన పిదప భోజనమునకు ముందే స్నానము చేయవలయును. రాత్రివరకు వాయిదా వేసినచో జిడ్డు ఎండి గట్టిపడును. మొదట నీళ్లు పోసి వీపును బాగుగా నాననిచ్చి, పిదప ఒంటిసబ్బుతో గాని సున్నిపిండితో గాని రుద్దవలయును. బట్టల సబ్బును, బట్టల పొడిని శరీరమునకు వాడరాదు. అవి చర్మపు సహజమైన జిడ్డును పూర్తిగా లాగివేసి పగుళ్లు తెచ్చును. బోరునీరు కఠినజలమైన గ్రామములలో సబ్బు నురుగు రాక చర్మముమీద తెల్లని పొరగా నిలిచిపోవును. అట్టిచోట్ల సున్నిపిండియో, పెసరపిండియో, కుంకుడుకాయ పులుసో మేలు. కుంకుడు నురుగు కంటిలో పడకుండ చూచుకొనవలయును.

చేయి అందని నడిమిభాగమునకు మన పెద్దలు వాడిన బీరపీచు శ్రేష్ఠమైన సాధనము. పొడవుగా పెరిగిన పీచునకు రెండు కొనలను త్రాడు కట్టి, తువాలువలె భుజముమీదుగా వెనుకకు వేసి లాగినచో ఎవరి సాయమును లేకుండనే వీపంతయు రుద్దుకొనవచ్చును. అయితే మెల్లగా రుద్దవలయును. రాతితోడను, ఇటుకముక్కతోడను రుద్దుట తగదు. మురికి పోయినదో లేదో చూడవలెను గాని చర్మము ఎర్రబడవలెనని చూడరాదు. స్నానానంతరము పీచును నీడను ముద్దగా పడవేయక ఎండలో వ్రేలాడదీయవలయును. తడిపీచు సూక్ష్మజీవులకు నిలయము. తువాలు ఎవరిది వారికే యుండవలయును. తామరయు గజ్జియు ఇంటిల్లిపాదికి ప్రాకుటకు ఒకే తువాలు, ఒకే పడక కారణమగుట కలదు.

నూనె తలంటు మంచి ఆచారము. చలికాలమున చర్మము పొడిబారి పగిలినవారికి నువ్వులనూనెయో కొబ్బరినూనెయో మేలు చేయును. కాని చెమటకాయలును, సెగగడ్డలును, సిబ్బెమును ఉన్నవారు వీపునకు నూనె మర్దింపరాదు. సిబ్బెపు జీవికి నూనెయే ఆహారమగును.

మందుపంపు మోయు వీపు

ఇక ముఖ్యమైన విషయమునకు వచ్చెదము. వీపుమీది పంపులో సాధారణముగా 16 లీటర్ల మందునీరు పట్టును. మూత వాషరు ఎండి చీలినను, గొట్టము కీలు వదులైనను, అంచుదాక నింపినను మందునీరు కారి చొక్కాను తడుపును.

ఒక మిరపతోటలో ప్రదర్శన జరుపునపుడు ఒక రైతు వీపు తడిసియుండుట చూచి మేము అడిగితిమి. "చెమటేనండి, పంపు బాగానే ఉంది" అని ఆయన బదులు చెప్పెను. పంపు దింపించి చూడగా మూతలోని రబ్బరు వాషరు రెండుచోట్ల పగిలియుండెను. చొక్కా మందువాసన కొట్టుచుండెను. ఆయన యుదయమునుండి ఆరు పంపులు కొట్టియుండెను. ఆ వాషరు విలువ పది రూపాయలకు మించదు. చెమటకును మందునకును గల భేదము వీపునకు తెలియదు. తడి తగులుచున్నదని మాత్రమే తెలియును. ఆ తడి యేదో చూచి చెప్పుటకు వెనుకనుండి మరియొకరి కన్ను కావలయును.

పురుగుమందు నోటిగుండను శ్వాసగుండను మాత్రమే లోనికి పోవునని పెక్కుమంది తలతురు. అది పొరపాటు. ఆర్గనోఫాస్ఫరస్ జాతి మందులు జిడ్డులో కరగునవి గనుక చర్మముగుండ సులభముగా రక్తములో కలియును. వేడిచే చెమర్చిన చర్మము, గోకుడుచే చిట్లిన చర్మము, పంపు పట్టీలు ఒరసిన చర్మము మందును మరింత పీల్చును. అంతియే గాదు, వీపుమీద కారిన మందు అక్కడనే నిలువక క్రిందికి జారి మొలకును గజ్జలకును చేరును. శరీరమంతటిలోను మందు నధికముగా పీల్చు చర్మము అండకోశ ప్రాంతమున నుండునది. కావున వీపు తడియుట చిన్న విషయము కాదు.

ఆదిలాబాదు జిల్లాను ఆనుకొనియున్న మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో 2017వ సంవత్సరమున ప్రత్తిచేలలో మందు కొట్టిన రైతులును కూలీలును సుమారు 20 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. తలెత్తు పెరిగిన చేలలో, ఉక్కలో, రక్షణవస్త్రములు లేకుండ మందు కొట్టినవారు వారిలో పెక్కురు. ఈ దుఃఖవార్తను మరువరాదు.

కావున ఈ క్రింది నియమములను పాటింప ప్రార్థించుచున్నాము.

1. మందు కలుపుటకు ముందు పంపును వట్టినీటితో నింపి, వీపునకెత్తుకొని, ఎక్కడనైనను కారుచున్నదేమో మరియొకరిచేత చూపించుకొనవలయును.

2. పంపును అంచువరకు నింపరాదు. వీపునకును పంపునకును నడుమ ప్లాస్టిక్ పట్టా యొకటి కట్టుకొనుట మేలు.

3. గట్టున ఒక బిందెడు మంచినీరును, సబ్బును, మార్చుకొనుటకు పొడి చొక్కాను ఉంచుకొనవలయును. వీపు మందుతో తడిసినచో సాయంకాలమువరకు ఆగక ఆ క్షణముననే చొక్కా విప్పి సబ్బుతోను విస్తారమైన నీటితోను పావుగంటసేపు కడుగుకొనవలయును. గట్టిగా రుద్దరాదు, కిరసనాయిలు గాని నూనె గాని పూయరాదు.

4. ఆ నీరు పశువులు త్రాగు చెరువులోనికి, కాలువలోనికి పోకుండ చూడవలయును. మందు తగిలిన బట్టలను ఇంటిలోని బట్టలతో కలుపక వేరుగా ఉతుకవలయును. ఉతుకు ఇల్లాలు చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనవలయును.

5. తలనొప్పి, వాంతి, నోట చొంగ, మితిమీరిన చెమట, చూపు మసకబారుట, ఊపిరి ఆడకుండుట మున్నగునవి కనబడినచో జాగు చేయక ఆసుపత్రికి పోవలయును. మందు డబ్బాను గాని దాని చీటిని గాని వెంట తీసికొనిపోవలయును. ఆ చీటిమీది త్రికోణము ఎరుపైనచో మందు అత్యంత విషకరమని గ్రహింపవలయును. పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు క్రమముగా తక్కువ విషమును సూచించును. ఆకుపచ్చయైనను ఒంటికి పూసికొనదగినది కాదు.

మచ్చలను పరీక్షించుట

వీపుమీద మచ్చ కనబడినపుడు దానిని మూడు విధములుగా విచారింపవలయును. పొడివలె రాలుచు, చెమట పట్టినపుడు కొంచెము దురద పెట్టు తెల్లని లేక గోధుమరంగు మచ్చలు సాధారణముగా సిబ్బెము. అంచు ఎర్రగా ఉబ్బి, గుండ్రముగా ప్రాకుచు మిక్కిలి దురద పెట్టునది తామర. తామరకు దుకాణములో అడిగి తెచ్చిన పూతమందు వాడవద్దు. వానిలో కొన్నింట స్టెరాయిడ్ కలిసియుండును. అది మొదటి వారమున దురదను అణచి, పిదప తామరను మొండిదానినిగా చేసి విస్తరింపజేయును. వైద్యుడు చెప్పినన్ని దినములు వాడినగాని మేలు లేదు.

మూడవది, దురదలేని మచ్చ. రంగు కొంచెము పాలిపోయియో ఎర్రబారియో యుండును. నొప్పి లేదు, దురద లేదు, తరచుగా ఆచోట చెమటయు పట్టదు. బాధ లేదు గనుక ఎవరును లక్ష్యపెట్టరు. దూదిని పురివలె త్రిప్పి, రోగిని కన్నులు మూసికొనుమని, మచ్చమీదను ప్రక్కనున్న మంచి చర్మముమీదను తాకించి చూడవలయును. మచ్చమీది స్పర్శ తెలియకున్నచో అది కుష్ఠవ్యాధి కావచ్చును. భయపడవలసిన పనిలేదు, దాచవలసిన పని అంతకంటె లేదు. నార్వేదేశపు వైద్యుడు హాన్సెన్ 1873వ సంవత్సరమున ఈ వ్యాధికి కారణమగు సూక్ష్మజీవిని కనుగొనెను. ఇది శాపము కాదు, పాపఫలము కాదు, వంశరోగము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981వ సంవత్సరమున నిర్ణయించిన బహు ఔషధ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించును. మచ్చలు కొద్దిగా నున్నచో 6 మాసములు, ఎక్కువైనచో 12 మాసములు మందు మ్రింగవలయును. మందు మొదలిడిన కొద్దికాలమునకే రోగి ఇతరులకు వ్యాధి నంటించుట మానును. ఆలసించినచో నరములు చెడి చేతులు వంకరపోవును. అట్లు పోయిన చేతిని ఏ మందును తిరిగి సరిచేయజాలదు. నాగలి పట్టు చేతిని కాపాడుట వీపుమీది మచ్చను సకాలమున చూచుటలో నున్నది.

సహకారమున కిది తగిన పని

మూడు విషయములందును చిక్కు ఒక్కటియే. తన వీపు తనకు కనబడదు. కావున వీపును కాపాడుకొనుట యేకాకిగా జరుగు పని కాదు. నెలకొకమారు, అమావాస్యనాడో జీతములిచ్చు దినముననో, వెలుతురున నిలిచి భార్యకు భర్తయు, భర్తకు భార్యయు, పిల్లలకు తల్లియు వీపు చూడవలయును. ఒంటరివారికి తోడికూలి చూడవచ్చును. ఇందు సిగ్గుపడదగిన దేమియు లేదు. ఎద్దు మెడమీది కాడిపుండును ప్రతి యుదయము చూచువారము, మనుష్యుని వీపును నెలకొకసారి చూడలేమా?

సంఘములు చేయదగిన పనులును కలవు. పంపు వాషర్లను, గొట్టపు బిగింపులను పెద్దమొత్తమున తెప్పించి సంఘపు గిడ్డంగిలో ఉంచవచ్చును. అద్దెకిచ్చు పంపులను ప్రతిసారియు వట్టినీటితో పరీక్షించి మరి యీయవలయును. సర్వసభ్య సమావేశమునాడు ఆరోగ్య కేంద్రపు వైద్యుని పిలిపించి సభ్యుల చర్మపరీక్ష జరిపించినచో ఖర్చు లేని మేలగును. ఈ మూడింటిలో ఒక్కదానినైనను రాబోవు మందుల అదనునకు ముందే ప్రారంభింప వలసినదిగా కార్యవర్గములను కోరుచున్నాము.