ఇంట్లో సముద్రమా... కాస్త ఆగండి!

టీవీలో 'ఫైండింగ్ నీమో' వచ్చిందంటే చాలు, పిల్లలకు ఆ నారింజరంగు చారల చేప కావాలి. దాని చుట్టూ పగడాలూ కావాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఉండేవాళ్లకి సముద్రం ఎక్కడుందీ అంటారా? ఒకప్పుడు ఈ నేలంతా సముద్రమే. వేంపల్లె, పులివెందుల ప్రాంతపు సున్నపురాళ్లలో వలయాల్లా కనిపించే స్ట్రోమటోలైట్లు వంద కోట్ల ఏళ్లకు ముందే, లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టినవి!

అయితే అద్దాల తొట్టెకి బేరమాడే ముందు తెలుసుకోవాల్సిన సంగతొకటుంది. మనదేశంలో పగడాలు పెంచడం నేరం. ఉంగరంలో పొదిగే పగడం గురించి కాదు, సముద్రంలో దిబ్బలు కట్టే సజీవ పగడాల గురించి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే అవీ ఉన్నాయి. సముద్రగుర్రాలూ అంతే. నేరం రుజువైతే కనీసం మూడేళ్ల జైలు. 'ఏం కాదు, అందరూ పెంచుతున్నారు' అని అమ్మేవాళ్లు చెప్పినా నమ్మకండి.

మరి నీమో? నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ చేపల్ని గుడ్ల నుంచే పెంచి చూపించింది. సముద్రంలో పట్టినవి కాకుండా ఇలా తొట్టెల్లో పుట్టినవే అడగండి, త్వరగా అలవాటు పడతాయి. పగడాల ముచ్చట రెసిన్ బొమ్మలతో తీర్చుకోవచ్చు.

ఇక నీళ్లు. నాపరాళ్ల నేల కదా, బోరునీళ్లు చాలాచోట్ల కఠినం. ఆర్వో నీళ్లే వాడాలి. లీటరుకు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. అంటే 200 లీటర్ల తొట్టెకి ఏడు కిలోలు! వంటింటి ఉప్పు పనికిరాదు. నీళ్లు నింపిన రోజే చేపల్ని వదిలితే చచ్చిపోతాయి. వాటి విసర్జనలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పిల్లల్ని అన్నాళ్లు ఆపడమే అసలు కష్టం.

అన్నిటికన్నా గడ్డు పరీక్ష మే నెల. బయట నలభై డిగ్రీలు దాటుతుంటే తొట్టెలో 25 నుంచి 27 ఉండాలి. చిల్లర్ కొనక తప్పదు, దాని ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఎండకి నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. కరెంటు పోతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి తొట్టె పక్కనే ఉంచుకోండి.