టెలిఫోనులో మాటయు మౌనమును

నేను భీమడోలు ప్రాంతమున ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు వ్యాకరణము చెప్పినవాడను. టెలిఫోను యంత్రములను గూర్చి ప్రసంగించుటకు నాకేమి అధికారమని మీరడుగవచ్చును. ఒక ద్విత్వాక్షరము నన్నీ విషయమునకు ఈడ్చుకొని వచ్చినది.

నా పూర్వశిష్యుడొకడు చేపల చెరువుల యజమాని. జాతీయరహదారి ప్రక్కనున్న తన ఆఫీసునుండి కొల్లేటివైపు చెరువుగట్టున నున్న గుమాస్తాకు టెలిఫోను చేసి “ఇవాళ పట్టొద్దు” అని చెప్పెను. గుమాస్తాకు వినబడినది “ఇవాళ పట్టు” అని. వలలు దింపిరి. లారీ రాలేదు, ఐసు లేదు. మధ్యాహ్నమునకు సరుకు చెడినది. “నేను వద్దన్నాను” అని యజమాని. “పట్టమన్నారండి, నా చెవులతో విన్నానండి” అని గుమాస్తా. ఏండ్ల తరబడి నమ్మకముగా పనిచేసిన ఆ ముసలివాడు అబద్ధీకుడను పేరుతో ఇల్లు చేరవలసి వచ్చెను. ఇరువురును సత్యమే పలికిరని తరువాత తేలినది.

ఆ ఆఫీసులో ఇంటర్నెట్టు తీగెపై మాటలు పంపు గేట్‌వే అను పెట్టె యున్నది. అది కంఠధ్వనిని సెకండునకు 8000 మారులు కొలిచి, అంకెలుగా మార్చి, సాధారణముగా 20 మిల్లీసెకండ్ల మాటను ఒక పొట్లముగా కట్టి పంపును. ఒకరు మాటలాడునప్పుడు రెండవవారు వినుచుందురు గదా! ఆ మౌనమును పంపకుండుట యొక పొదుపు. ఈ యుపాయము క్రొత్తది కాదు. 1956లో అట్లాంటిక్ సముద్రగర్భమున నడచిన తొలి టెలిఫోను తీగెలో 36 మార్గములే యుండగా, 1960లో ఒకరి మౌనములో మరియొకరి మాటను దూర్చి సంభాషణల సంఖ్యను ఇంచుమించు రెట్టింపు చేసిరి. సముద్రపు తీగెకు ఆ పొదుపు తగినదే. భీమడోలునుండి చెరువుగట్టునకు?

ఏది మాటయో ఏది మౌనమో పెట్టె ముఖ్యముగా ధ్వని బలమును బట్టి యెంచును. బలము నిర్ణీతమైన మేరకు తగ్గినచో మౌనమని తలచి, కొంతసేపు వేచి, కోయును. కొన్ని యంత్రములలో ఆ వేచియుండు కాలము 250 మిల్లీసెకండ్లు. “పట్టొద్దు” అనుచో ద్ద పలుకునప్పుడు నాలుక దంతములను మూసి నిలుచును. ధ్వని మిక్కిలి సన్నగిల్లును. పిదప వచ్చు “దు” వాక్యాంతమున నీరసించిన హ్రస్వము. ఇంగ్లీషులోను హిందీలోను నిషేధపదము క్రియకు ముందే నిలుచును. మనకది క్రియకు తోకలో నున్నది. తోక తెగినచో నిషేధము ఆజ్ఞయగును.

అసలు దోషము వేరొకచోట నున్నది. యజమాని గొంతు పెద్దది. చెవులు పగులుచున్నవని యెవరో పెట్టెలోనికి వచ్చు ధ్వనిని 6 డెసిబెల్లు తగ్గించిరి. అంత తగ్గినచో ధ్వనితరంగపు ఎత్తు సగమగును. బలమైన అక్షరములు బ్రతికినవి. బలహీనములు మౌనపు మేరకు దిగువన పడినవి. రహదారి లారీల రొద ఆ మేరను ఇంకను పైకి నెట్టినది. వినుచోట బిగ్గరగా నున్నచో వినుచోటనే తగ్గింపవలెను. పలుకుచోట హద్దుమీరి పెంచినను తప్పే. మాట చీలి బొంగురుపోవును, ప్రతిధ్వనియు బలియును. దూరముననున్నవానిని పిలుచునప్పుడు మూడు మాత్రల ప్లుతమును పాణిని విధించెను గాని, టెలిఫోనులో ఆ ప్లుతమక్కరలేదని నా శిష్యునకు చెప్పి చూచితిని. వాడు వినలేదు.

మౌనమును కోసినచో మరియొక చిక్కు గలదు. తీగె తెగినదనుకొని వినువాడు “హలో, హలో” అని కేకలు వేయును. చెరువు కాపలావాడు ఏరియేటర్ల హోరులో సుఖముగా నిదురించి, కరెంటు పోయి హోరు ఆగినంతనే ఉలికిపడి లేచును. చెవి స్వభావమట్టిది. అందుచే వినుచోటి యంత్రము తానే సన్నని గాలిమోతను కల్పించి మౌనమును నింపును. దీనిని కంఫర్ట్ నాయిస్ అందురు. మౌనమును కోయువారు దీనిని ఆపరాదు. కాని మా గుమాస్తాకు మాట తెగినదన్న అనుమానమైనను కలుగకపోవుటకు ఈ మోతయే కారణము!

తాడేపల్లిగూడెమునుండి యంత్రము తెలిసిన కుర్రవాడొకడు వచ్చి, తగ్గించిన 6 డెసిబెల్లను మరల సున్నకు తెచ్చి, గట్టున వినిపించు ధ్వనిని తగ్గించెను. ఒకటి రెండు సంభాషణలు మాత్రమే నడచు తీగెకు మౌనపు పొదుపేల యని దానిని పూర్తిగా తీసివేసెను. పదులకొలది మాటలు ఇరుకు తీగెపై నడచుచోట దానిని ఉంచి, వేచియుండు కాలమును పెంచవలెననెను.

పరీక్షకు నన్ను పిలిచిరి. “పట్టొద్దు, కట్టొద్దు, అమ్మొద్దు” అని మెల్లగా పలికితిని. గట్టునుండి మూడును పొల్లుపోకుండ తిరిగి చెప్పినవాడు ఆ ముసలి గుమాస్తాయే. ముందునాటి సాయంకాలము నా శిష్యుడు స్వయముగా వాని యింటికి వెళ్ళి తీసికొనివచ్చెను.