పవర్ వీడరు : మొదటి 20 గంటలు

క్రొత్తగా కొన్న కోడెను మొదటి రోజుననే బరువు నాగలికి కట్టి, నడి ఎండలో దున్నించు రైతు మన పల్లెలలో ఉండడు. ముందుగా దానికి కాడి అలవాటు చేయును. తేలిక పనిలో నాలుగు రోజులు త్రిప్పును. మెడ గట్టిపడిన తరువాతనే గట్టి పని పెట్టును. కాని అదే రైతు వేలకు వేలు పోసి పవర్ వీడరును కొని, ఇంటికి తెచ్చిన సాయంకాలమే దానిని గడ్డి బలిసిన చేనిలో దింపి, పూర్తి వేగమున నడుపుటను మేము తరచుగా చూచుచున్నాము. ఇనుప యంత్రమునకు అలవాటు ఏమిటని కొందరు అడుగుదురు. కోడెకు కావలసినంత ఓర్పు ఇంజనుకును కావలెను.

నేను పనిచేయు మండలములో ఒక పసుపు రైతు క్రొత్త వీడరును తెచ్చుకొనెను. దుకాణమువారు నూనె పోసియుందురని ఆయన తలచెను. ఇంటికి పోయిన తరువాత ఆయనే పోసికొనునని దుకాణములోని కుర్రవాడు తలచెను. పెట్రోలు మాత్రము నిండుగా పోసిరి. యంత్రము గంటసేపైనను తిరుగలేదు, ఇంజను పట్టివేసెను. మరమ్మతు ముగిసి యంత్రము తిరిగి వచ్చునప్పటికి వానలు పట్టి, కలుపు మోకాలి ఎత్తు పెరిగెను. మరియొక గ్రామమున ఒక యువకుడు కత్తులకు చుట్టుకొనిన గడ్డిని ఇంజను ఆపకయే లాగబోయి, రెండు వ్రేళ్ళు పోగొట్టుకొనెను. మొదటి నష్టము డబ్బుతో తీరినది. రెండవది తీరునది కాదు. ఈ రెండింటిని తప్పించుటకు పైసా ఖర్చు లేదు. పద్ధతి తెలిసిన చాలును.

ఇంజను లోపల జరుగునదేమి?

సిలిండరు లోపలి గోడ చూచుటకు నున్నగా అద్దమువలె ఉన్నను, దానిమీద కంటికి ఆనని సన్నని గీతలు ఉండును. పిస్టను చుట్టునుండు రింగుల అంచులును అట్టివే. క్రొత్త ఇంజను తిరుగునపుడు ఇవి రెండును ఒకదానినొకటి రాచుకొని, మెల్లమెల్లగా ఒకదానికొకటి సరిపడును. ఈ సరిపాటు చక్కగా కుదిరినచో మంటయొక్క ఒత్తిడి క్రిందికి జారిపోదు. ఇంజనుకు బలము నిలుచును. నూనె తక్కువ ఖర్చగును.

ఈ సమయముననే పెనుబరువు పెట్టినచో రాపిడి మించి, వేడి పెరిగి, నడుమనుండు నూనె పొర చెదరిపోవును. గోడమీద చారలు పడును. అటు తరువాత ఆ ఇంజను నీలిరంగు పొగ విడుచుచు, నూనె త్రాగుచు, ఎత్తు గడ్డిని చూచిన ఆగిపోవుచుండును. అట్లని గంటల తరబడి బరువు లేకుండ ఊరక త్రిప్పుటయు మంచిది కాదు. రింగులు గోడకు సరిపడుటకు కొంత బరువు కావలెను.

క్రొత్తగా గంటు కొట్టించిన తిరుగలిలో మొదటి పిండిని మనము తినము. అందులో రాతి పొడి ఉండును. క్రొత్త ఇంజనులోని మొదటి నూనెయు అట్టిదే. రాపిడికి రాలిన సన్నని లోహపు పొడి అందులో కలిసియుండును. కారునకు, ట్రాక్టరుకు ఉండు నూనె వడపోత ఈ చిన్న ఇంజనులలో చాలవాటికి లేదు. కనుక ఆ పొడి తిరిగి తిరిగి అదే గోడను గీరుచుండును. మొదటి 20 గంటల పని కాగానే నూనె మార్చవలెనని చెప్పుట ఇందుకే.

మొదటిసారి త్రిప్పుటకు ముందు

1. ఇంజనులో నూనె ఉన్నదో లేదో మీ కంటితో చూచుకొనుడు. అనేక యంత్రములు కర్మాగారమునుండి నూనె లేకుండనే వచ్చును. 7 అశ్వశక్తి తరగతి పెట్రోలు ఇంజనుకు సుమారు 600 మిల్లీలీటర్లు పట్టును. ఏ రకపు నూనె, ఎంత అనునది యంత్రముతో ఇచ్చిన పుస్తకము ప్రకారము పోయవలెను. యంత్రమును సమతలమున నిలిపి నూనె కొలుచు కడ్డీతో చూడవలెను. గుర్తుకు తగ్గరాదు, మించరాదు.

2. గేరుబాక్సు నూనె వేరు. దానిని గూడ చూడవలెను.

3. గాలి వడపోతను విప్పి చూడవలెను. కొన్నింటిలో క్రింది గిన్నెలో గుర్తువరకు నూనె పోయవలసియుండును. ఇది మరచినచో చేనిలోని దుమ్ము నేరుగా సిలిండరులోనికి పోవును.

4. ఇవి నాలుగు స్ట్రోకుల ఇంజనులైనచో పెట్రోలులో నూనె కలుపరాదు. మందు కొట్టు యంత్రములకు కలిపిన పెట్రోలు మిగిలియున్నదని దీనిలో పోయరాదు.

5. బోల్టులు, నట్లు అన్నియు బిగించవలెను. మొదటి గంట పని కాగానే ఇంజను ఆపి మరల బిగించవలెను. క్రొత్త యంత్రము అదురుటకు మరలు వదులగుట సహజము.

మూసిన కొట్టములో ఇంజను ఎన్నడును త్రిప్పరాదు. దాని పొగలో రంగు, వాసన లేని విషవాయువు ఉండును. ఊపిరితోపాటు లోనికి పోయి, మనిషికి తెలియకయే ప్రాణము తీయును.

20 గంటల పని

మొదట గేరు తటస్థములో ఉంచి, 3 నుండి 5 నిమిషములు తక్కువ వేగమున తిరుగనిచ్చి ఇంజనును వేడెక్కనీయవలెను. చలి ఇంజనును ఒక్కసారిగా రొద చేయించరాదు.

మొదటి 5 గంటలు : ఇదివరకే దున్నిన మెత్తని నేలలో, తగు పదును ఉన్నపుడు, సగము వేగమున నడుపవలెను. కత్తులు 2 అంగుళములకు మించి దిగకుండ లోతుకడ్డీని సరిచేసికొనవలెను. గట్టి రేగడి, ఎండిన చెలక, గరిక పట్టిన గట్ల ప్రక్కలు ఇప్పుడు వద్దు.

తరువాతి 15 గంటలు : ముప్పాతిక వేగమువరకు పోవచ్చును. లోతు కొంచెము పెంచవచ్చును. ఒకే వేగమున గంటల కొలది నడుపక, మధ్యమధ్య కొంచెము హెచ్చించుచు తగ్గించుచు ఉండవలెను. గంటకొకసారి 10, 15 నిమిషములు ఇంజనుకు విశ్రాంతి ఇచ్చుట మంచిది. ఆ విశ్రాంతి నడుపు మనిషికిని అవసరమే.

20 గంటలు కాగానే : ఇంజను వెచ్చగానున్నపుడే పాత నూనెను పూర్తిగా దింపి క్రొత్తది పోయవలెను. వెచ్చని నూనె పలుచగా ఉండి మురికినంతటిని వెంట తీసికొనిపోవును. దింపిన నూనెను కాలువలోగాని, బావి దగ్గరగాని పోయరాదు. డబ్బాలో పట్టి మెకానిక్కు దుకాణమునకు ఈయవలెను. తరువాత ప్రతి 100 గంటలకు, లేదా 6 నెలలకు, ఏది ముందు వచ్చిన అప్పుడు మార్చవలెను. దుమ్ములో గట్టి పని చేయునట్టి యంత్రమునకు ఇంకను ముందుగానే మార్చుట లాభము.

20 గంటలు ఎట్లు లెక్కించుట? 2 అడుగుల వెడల్పు తీయు యంత్రము గంటకు 2 కిలోమీటర్ల నడకతో పోయిన, మలుపులతో కలిపి ఎకరమునకు సుమారు 4 గంటలు పట్టును. అనగా 5 ఎకరములు. కొట్టము గోడమీద సుద్దతో గంటకొక గీత గీసిన చాలును. అద్దెకు ఇచ్చు యంత్రమునకు చిన్న పుస్తకము పెట్టి, ఎవరు ఎన్ని గంటలు నడిపినది వ్రాసికొనవలెను. నలుగురి చేతులు మారు యంత్రమునకు నూనె సంగతి ఎవరికిని పట్టదు.

ఇంజను వేగమును అదుపు చేయు గవర్నరు స్ప్రింగును బలము పెరుగునని కొందరు లాగి కట్టుచున్నారు. ఇది ఇంజనుకును, మనిషికిని అపాయము. ఏటవాలు నేలలోను జాగ్రత్త కావలెను. ఈ ఇంజనులలో చాలవాటియందు లోపలనుండు గరిటెవంటి చిన్న ముక్క అడుగు నూనెను చిమ్ముచు భాగములను తడుపును. యంత్రము మిక్కిలి వంగినచో ఆ ముక్కకు నూనె అందదు. 3 అడుగుల దూరమునకు 1 అడుగు ఎత్తు లేచు వాలును మించిన చోట దీనిని నడుపకుండుట మేలు.

నడుపు మనిషి క్షేమము

పని మొదలుపెట్టుటకు ముందు చేనంతయు ఒకసారి కాలినడకన తిరుగవలెను. రాళ్ళు, మోళ్ళు, తీగ ముక్కలు ఏరివేయవలెను. బిందుసేద్యపు పైపులు ఉన్నచో ప్రక్కకు తీసికొనవలెను. కత్తులకు చుట్టుకొనిన పైపు యంత్రమును ఒక్క కుదుపున లాగివేయును. సాలునకు సాలునకు మధ్య ఎడము యంత్రపు వెడల్పుకంటె కనీసము ఒక అడుగు ఎక్కువ ఉన్నగాని మొక్కలకు దెబ్బ తగులకుండ నడుపుట కష్టము.

వ్రేలాడు పంచె, లుంగీ, భుజముమీది తువాలు ఈ పనికి పనికిరావు. కురచగా, ఒంటికి పట్టియుండు బట్టలు కట్టవలెను. ఆడవారు నడుపునపుడు చీర కొంగు, జడ బిగించి కట్టుకొనవలెను. వట్టి కాళ్ళతో దీనివెనుక నడువరాదు; గట్టి బూట్లు ఉండవలెను. ఎగురు రాళ్ళనుండి కంటికి అద్దములు, రొదనుండి చెవులకు రక్షణ అవసరము. పిల్లలను, పశువులను చేను దాటించిన తరువాతనే ఇంజను త్రిప్పవలెను.

చేతి క్లచ్చి వదలిన వెంటనే కత్తులు ఆగునట్లు యంత్రమును చేసినారు. మనిషి జారిపడినను యంత్రము ఆగవలెనని ఈ ఏర్పాటు. చేయి నొప్పి పుట్టుచున్నదని దానిని త్రాడుతో బిగించి కట్టుట కొన్ని చోట్ల కనబడుచున్నది. అట్లు కట్టిన రోజున మీ ప్రాణమునకు ఉన్న కాపలాను మీరే తీసివేసినట్లు.

వెనుకకు నడుపు గేరు మరింత అపాయకరము. వెనుక గట్టుగాని, చెట్టుగాని ఉన్నపుడు యంత్రము మనిషిని దానికి అదిమి, కత్తులు కాళ్ళమీదికి వచ్చును. చేను చివరన యంత్రమును త్రిప్పుటకు చోటు ముందే విడిచియుంచుడు. వెనుకకు తప్పనిసరియైనచో వేగము పూర్తిగా తగ్గించి, వెనుక చూచుకొని, అడుగులో అడుగు వేయవలెను.

కత్తులకు గడ్డి చుట్టుకొనినచో

ఇది ప్రతి దినము జరుగునదే. వ్రేళ్ళు పోవునది ఇక్కడనే. మూడు పనులను ఈ వరుసలోనే చేయుడు. ముందు ఇంజను ఆపుడు. తరువాత స్పార్కు ప్లగ్గు తీగ ఊడదీయుడు. కత్తులు పూర్తిగా నిలిచిన తరువాత కొడవలితోగాని, ఇనుప కొక్కెముతోగాని గడ్డిని కోసి తీయుడు. ప్లగ్గు తీగ ఎందుకనగా, వేడి ఇంజను కత్తులను చేతితో త్రిప్పినపుడు ఒక్క క్షణము రాజుకొనవచ్చును. ఆ ఒక్క క్షణము చాలును.

పెట్రోలు పోయునపుడు ఇంజను ఆపి, 15 నిమిషములు చల్లారనీయవలెను. దగ్గర బీడీ, చుట్ట ఉండరాదు. సైలెన్సరును తాకరాదు.

దెబ్బ తగిలినచో శుభ్రమైన గుడ్డతో గాయమును గట్టిగా అదిమిపట్టి, 108కు ఫోను చేయవలెను. పసుపు, కాఫీపొడి, మన్ను గాయముమీద వేయరాదు. వ్రేలు తెగిపడినచో దానిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని మంచుగడ్డలలో ఉంచి రోగితోపాటు పంపవలెను. వ్రేలికి మంచు నేరుగా తగులరాదు. చిన్న గాయమైనను ధనుర్వాతపు సూది విషయము వైద్యుని అడుగవలెను.

పని ముగిసిన తరువాత

కత్తులను, ఇంజనుమీది రెక్కలను పట్టిన మన్ను తుడువవలెను. రెక్కలు కప్పబడిన ఇంజనుకు గాలి తగులక వేడి మించును. వేడిగానున్నపుడు నీళ్ళు చల్లరాదు. నేడు బంకులలో లభించు పెట్రోలులో 20 శాతమువరకు ఇథనాలు కలిసియుండును. అది గాలిలోని తేమను పీల్చుకొనును. కనుక నెలకు పైగా యంత్రముతో పని లేనపుడు టాంకిలోని, కార్బురేటరులోని పెట్రోలు దింపి, పొడిచోట ఉంచవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి. మీ ఊరికి క్రొత్త యంత్రము వచ్చినదని తెలిసిన రోజుననే దానిని నడుపబోవు మనిషిని ఆంధ్రప్రదేశ్‌లోనైన రైతు సేవా కేంద్రమునకు, తెలంగాణలోనైన రైతు వేదికకు పిలిపించి, మూడు ప్రశ్నలు అడుగుడు : నూనె చూచితివా? ప్లగ్గు తీగ తీయుట తెలియునా? క్లచ్చికి త్రాడు కట్టవు గదా? ఈ మూడింటికి సరియైన జవాబు చెప్పువరకు యంత్రము చేనిలోనికి దిగరాదు.

రైతు సోదరులారా, కలుపు తీయుటకు అదను కొద్ది రోజులే. ఆ రోజులలో యంత్రము నిలిచినచో పంట నష్టము. మనిషి పడినచో కుటుంబమునకే నష్టము. మొదటి 20 గంటలు ఓపిక పట్టుడు. యంత్రము అనేక సంవత్సరములు మీ మాట వినును. అది ఎంత చక్కగా మాట విన్నను, ఇంజను తిరుగుచుండగా కత్తుల దగ్గరకు మాత్రము చేయి పోనీయకుడు.