చాకు మూస్తే అలుగు పిడికి కొట్టుకుంటుందా? కనుక్కోవడం ఎలా?

మడత చాకు అందరూ చూసే ఉంటారు. అలుగు పిడిలోకి మడుచుకుంటుంది. మామూలు కత్తికి ఒర కావాలి, దీనికి పిడే ఒర. ఇది కొత్త వస్తువేం కాదు. ఆస్ట్రియా దేశంలో హాల్‌స్టాట్ అనే ఊరి తవ్వకాల్లో రెండున్నర వేల ఏళ్ల నాటి మడత చాకు దొరికింది. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1891లో ఆ దేశపు సైనికులకు మడత చాకులు ఇవ్వడం మొదలుపెట్టాడు. 1897లో ఆయన ఆఫీసర్లకని చేసిన ఎర్ర పిడి చాకే తర్వాత లోకమంతా తిరిగింది. అది అట్లా ఉంచండి. నేను రాసేది మన తోట పీరియడ్‌లో వాడే అంటు చాకు గురించి.

ముందు చాకు లోపల ఏముందో చెప్తాను. పిడిలో రెండు రేకులు, వాటి మధ్య సన్నటి గాడి. గాడికి అడుగున, అంటే పిడి వీపు వైపు, ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. అదే స్ప్రింగు. అలుగు మొదట్లో చిల్లు, ఆ చిల్లులో చీల. చీల చుట్టూ అలుగు తిరుగుతుంది. చీలకి దగ్గరగా, పదును మొదలవ్వక ముందు, అలుగు కింద చిన్న బొడిపె ఒకటి ఉంటుంది. చాలామంది దీన్ని చూసి ఉండరు. ఉట్టి ఇనుప ముక్క అనుకుంటారు. చాకు మూసినప్పుడు స్ప్రింగు మీద ఆనాల్సింది ఆ బొడిపె ఒక్కటే. పదును ఎక్కడా దేనికీ తగలకూడదు, గాడిలో గాలిలో ఉండాలి. లాక్ పడే పెద్ద చాకుల్లో కొన్నిటికి బొడిపె బదులు అడ్డంగా చిన్న చీల ఉంటుంది. పని మాత్రం అదే, అలుగుని ఆపడం.

బొడిపె అరిగిపోయిందనుకోండి, అలుగు ఇంకా లోపలికి దిగుతుంది. అప్పుడు పదును పోయి స్ప్రింగు మీద పడుతుంది. ఉక్కు మీద ఉక్కు. మూసిన ప్రతిసారీ అదే చోట దెబ్బ. రోజుకి పదిసార్లు మూస్తే పది దెబ్బలు. కొన్నాళ్లకి ఆ చోట మొద్దుబారుతుంది. బయటికి చూస్తే చాకు బాగానే ఉంటుంది, కొసా బాగుంటుంది, మొదలూ బాగుంటుంది, మధ్యలో ఒక్కచోట కోయదు.

కూరగాయలు కోసే కత్తికైతే ఇది పెద్ద లెక్క కాదు. అంటు చాకుకి అట్లా కాదు. జీడిమామిడి మెత్తకొమ్మ అంటు కట్టేటప్పుడు పుల్లని రెండు వైపులా చెక్కి చీలికమేకులాగ చేస్తాం. ఆ కోత నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది. ఒక్క లాగులో, నున్నగా రావాలి. బెరడు కింద పచ్చగా పలచటి పొర ఉంటుంది కదా, పుల్లలోని ఆ పొర, మొక్కలోని ఆ పొర ఒకదానికొకటి అంటుకుంటేనే అంటు బతుకుతుంది. చాకులో మొద్దు జాగా ఉంటే కోత మీద గీతలాగ గట్టు లేస్తుంది. గట్టు ఉన్నచోట రెండు పొరలూ కలవవు, సందు ఎండిపోతుంది. పైన ప్లాస్టిక్ టోపీ పెట్టి ఎంత గట్టిగా కట్టినా లాభం లేదు.

ఇది ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మన తోటలో రెండు అంటు చాకులు ఉన్నాయి. అందులో నల్ల పిడి చాకు ఒకచోట మొద్దుబారింది. ఎవరో ఇనుప తీగ కోశారని, అది మా గది పిల్లలే అయి ఉంటారని అన్నారు. మూడు వారాలు మా గదికి చాకు ఇవ్వలేదు. నీళ్లు మోసే పని ఇచ్చారు. మేం తీగ కోయలేదు. కానీ కోయలేదని ఊరికే చెప్తే ఎవరు నమ్ముతారు? చాకే చెప్పాలి. అందుకని వార్డెన్ మేడంని అడిగి, ఆదివారం మధ్యాహ్నం మేడం ఎదురుగానే వరండాలో కూర్చుని చాకుని పరీక్ష చేశాను. మీరు కూడా ఎప్పుడు చేసినా పెద్దవాళ్ల ఎదురుగానే చెయ్యండి, చాకు మన పెట్టెల్లో ఉండే వస్తువు కాదు.

మొదట కంటితో చూడాలి. అలుగుని ఎండకి పట్టి, పదునుని నేరుగా చూడండి. మంచి పదును వెలుగుని తిరగ్గొట్టదు, నల్లటి గీతలాగ ఉంటుంది. మొద్దు జాగా ఉంటే అక్కడ తెల్లగా మెరుస్తుంది. నల్ల పిడి చాకులో బియ్యపు గింజలో సగమంత మెరుపు కనపడింది. మా తాతయితే ఇదంతా చూడడు. బొటనవేలి గోరు మీద పదునుని తేలిగ్గా జరిపి, గరుకు తగిలిన చోట ఆపేస్తాడు. ఆయన చదువుకోలేదు గానీ ఆయన గోరుకి అన్నీ తెలుసు. మనం మాత్రం గోరుతో చెయ్యొద్దు. నోటుబుక్కు కాగితాన్ని కోసి చూస్తే చాలు, మొద్దు జాగా దగ్గర కాగితం పీక్కుపోతుంది.

మెరుపు కనపడినంత మాత్రాన అలుగు పిడికి కొట్టుకుంటోందని కాదు. తీగ కోసినా అట్లాగే మెరుస్తుంది. కాబట్టి రెండో పని, కాగితం పరీక్ష. నోటుబుక్కు కాగితాన్ని గాడి వెడల్పుకి సరిపడా సన్నగా, గాడి అంత పొడవుగా కత్తిరించాలి. దాన్ని గాడి అడుక్కి, స్ప్రింగు మీదికి, చీపురుపుల్లతో నొక్కి పరవాలి. వేలు పెట్టకూడదు. తర్వాత చాకుని మెల్లగా మూసి, మెల్లగా తెరిచి, కాగితం బయటికి తియ్యాలి. బొడిపె ఆనిన చోట నొక్కు పడి ఉంటుంది, అది ఉండాల్సిందే. ఇంకెక్కడైనా గీత పడినా, తెగినా పదును అక్కడ తగులుతున్నట్టే. కానీ ఒక్క మాట. కాగితం వేసినప్పుడు కాగితం మందం కూడా లెక్కలోకి వస్తుంది. మా 200 పేజీల నోటుబుక్కు అట్టలు వదిలేసి కొలిస్తే 100 కాగితాలకి 8 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే ఒక కాగితం 0.08 మిల్లీమీటరు. పదునుకీ స్ప్రింగుకీ మధ్య అంతకన్నా తక్కువ సందు ఉంటే, నిజానికి తగలకపోయినా కాగితం మీద గీత పడొచ్చు. బొడిపె కింద కూడా కాగితం ఉంటే అలుగు కొంచెం పైకి లేస్తుంది, అప్పుడు తగిలేది కూడా తగలనట్టు కనపడొచ్చు. అందుకని బొడిపె ఆనే చోట కాగితం లేకుండా కత్తిరించి ఇంకోసారి చెయ్యాలి. నేను రెండు రకాలుగానూ చేశాను.

మూడోది మసి పరీక్ష. నాకు ఇదే నచ్చింది, ఎందుకంటే ఇందులో మందం గొడవ దాదాపు లేదు. వంట అక్క దగ్గర గిన్నె అడుగు మసి కొంచెం తీసుకుని, ఒక్క చుక్క కొబ్బరినూనె కలిపి, చీపురుపుల్లతో స్ప్రింగు మీద పలచగా పూశాను. అలుగుని శుభ్రంగా తుడిచాను. మెల్లగా మూసి తెరిస్తే బొడిపెకి మసి అంటింది. పదునుకి ఎక్కడా అంటలేదు. మా గది వాళ్లందరి మొహాలూ పడిపోయాయి.

అక్కడ ఆపేస్తే తప్పయ్యేది. మనం తోటలో చాకుని అంత మెల్లగా మూస్తామా? సగం దాకా తోసి వదిలేస్తాం, మిగతాది స్ప్రింగే లాక్కుంటుంది, టక్‌మని మూసుకుంటుంది. అప్పుడు అలుగు వేగంగా వచ్చి పడుతుంది. బొడిపె స్ప్రింగుని కొడుతుంది, ఆ దెబ్బకి స్ప్రింగు రవ్వంత వంగుతుంది, అలుగు ఇంకా కొంచెం లోపలికి పోయి వెనక్కి వస్తుంది. ఇదంతా కంటికి కనపడనంత తొందరగా జరిగిపోతుంది. అందుకని పదునుని మళ్లీ తుడిచి, మసి మళ్లీ పూసి, ఈసారి టక్‌మని మూశాను. తెరిస్తే మెరిసే జాగాలోనే, సరిగ్గా అక్కడే, నల్లటి చుక్క. ఐదుసార్లు చేశాను, ఐదుసార్లూ అక్కడే. తర్వాత మూసిన చాకు వీపుని బొటనవేలితో లోపలికి నొక్కితే కూడా అలుగు కొంచెం దిగి మళ్లీ లేచింది, మసి అంటింది. రెండో చాకుతో, ఎర్ర పిడి దానితో, ఎంత టక్‌మన్నా పదునుకి మసి అంటలేదు. కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి, టక్‌మనే శబ్దం వినపడిందని చాకు పాడైనట్టు కాదు. బొడిపె ఆనినా శబ్దం వస్తుంది. శబ్దాన్ని నమ్మొద్దు, మసిని నమ్మండి.

ఇంత చిన్న అరుగుదలకి అంత దెబ్బ ఎందుకు? ఇది లెక్కల పుస్తకంలోదే. నల్ల పిడి చాకులో చీల నుంచి బొడిపె దాకా 6 మిల్లీమీటర్లు. చీల నుంచి మొద్దు జాగా దాకా 48 మిల్లీమీటర్లు. 48ని 6తో భాగిస్తే 8. అలుగు చీల చుట్టూ తిరుగుతుంది కాబట్టి బొడిపె ఒక కాగితం మందం అరిగితే, 48 మిల్లీమీటర్ల దూరంలో పదును ఎనిమిది కాగితాల మందం కిందికి దిగుతుంది. అంటే సుమారు 0.64 మిల్లీమీటరు. స్ప్రింగు రవ్వంత వంగినా అంతే, ఎనిమిది రెట్లు. మరి కొస ఇంకా దూరం కదా, కొస ఎందుకు తగల్లేదు అని మా చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. కొస దగ్గర పదును పైకి వంపు తిరిగి ఉంటుంది. వంపు మొదలయ్యే చోటే అన్నిటికన్నా కిందికి ఉంటుంది, అదే ముందు తగులుతుంది.

బొడిపె ఎందుకు అరిగింది? సానరాయి మీద నూరేటప్పుడు అలుగు మొదలు దాకా లాగేస్తారు, దాంతో బొడిపె కూడా అరుగుతుంది. పదును ఉన్నంత మేరే నూరాలి, బొడిపెని రాయికి తగలనివ్వకూడదు. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. చీల వదులైతే అలుగు అటూ ఇటూ ఊగి పక్క రేకులకి రాసుకుంటుంది, అప్పుడు అలుగు పక్కన మెరిసే గీత పడుతుంది. మన చాకుకి అది లేదు. గాడిలో జీడి బంక, మట్టి గట్టిపడి ఉంటే పదును దానికి కూడా తగులుతుంది. అందుకే పరీక్షకి ముందు గాడిని పుల్లతో గీకి శుభ్రం చెయ్యాలి. నేను గీకితే చిటికెడు వచ్చింది.

బాగు చెయ్యడం రెండు రకాలు. మొద్దు జాగా పోయేదాకా పదునంతా సమానంగా నూరితే పదును వెనక్కి జరుగుతుంది, సందు దానంతట అదే పెరుగుతుంది. కానీ అలుగు సన్నబడుతుంది. రెండోది, పదును లేని మొదలు భాగం వచ్చి ఆనేచోట గాడిలో సైకిల్ ట్యూబు ముక్క చిన్నది అంటించడం. అది దెబ్బని మింగుతుంది. మేం ఇప్పటికి ట్యూబు ముక్క పెట్టాం. మళ్లీ మసి పూసి చూస్తే పదునుకి అంటలేదు. నూరడం మాత్రం సంతకి వచ్చే కమ్మరి తాత చేతే చేయించాలని వార్డెన్ మేడం అన్నారు. అప్పటిదాకా చాకుని వీపు పట్టుకుని చివరిదాకా చేత్తోనే మూయండి, వదిలెయ్యొద్దు. మసి పూసిన చాకుని సబ్బుతో కడిగి తుడవకుండా అంటు కట్టొద్దు.

ఆ చాకుతో కట్టిన 12 అంటుల్లో 4 బతికాయి. అన్నీ చాకు వల్లే పోయాయని నేను అనను. పుల్లలు కోసిన మర్నాడు కట్టాం, కొన్ని అప్పటికే వాడిపోయాయి. కానీ చచ్చిపోయిన వాటి కట్లు విప్పి చూస్తే ఐదింటి కోత మీద ఒకేచోట అడ్డంగా గట్టు ఉంది. వాటిని వార్డెన్ మేడం బల్ల మీద వరసగా పెట్టాను. సోమవారం నుంచి మా గదికి మళ్లీ చాకు ఇస్తున్నారు.

పరీక్ష చేసిన కాగితం ముక్కలు ఈ రాతకి కిందనే జిగురుతో అంటించాను. ఎడమది నల్ల పిడి చాకుది, కుడిది ఎర్ర పిడిది. ఎడమ దానిమీద రెండు గుర్తులు, కుడి దానిమీద ఒకటే ఉంటాయి. చూడండి, పీకొద్దు.

— 9వ తరగతి విద్యార్థిని