పిల్లలకు మనమిచ్చే తీపి

పోయిన వేసవిలో ఒక రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మూడో తరగతి చదివే మా చిన్నవాడు దవడ పట్టుకొని తెల్లవార్లూ ఏడ్చాడు. లవంగం పెట్టాము, ఉప్పునీళ్లు పుక్కిలింపించాము, తగ్గలేదు. ఉదయాన్నే పట్నం తీసుకువెళ్లగా దంతవైద్యులు చూసి, నాలుగు పళ్లు పుచ్చిపోయాయన్నారు. "బాబు రోజూ ఏమేమి తింటాడు?" అని అడిగారు.

చెబుతుంటే మాకే సిగ్గువేసింది. ఉదయం టీ, బిస్కెట్లు. కొట్టులో చిల్లరకు బదులిచ్చిన చాక్లెట్లు. సాయంత్రం పంచదార పాలు. చుట్టాలు వస్తే కూల్‌డ్రింకు. వీటిలో ఒక్కటీ వాడు దొంగతనంగా తిన్నది కాదు. అన్నీ మేము ప్రేమతో ఇచ్చినవే.

పన్ను పురుగు తిన్నదని మన పెద్దలంటారు. నిజానికి అక్కడ పురుగేమీ ఉండదు. నోటిలోని సూక్ష్మక్రిములు పంచదారను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటిపై గట్టి పొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. తీపి తిన్న ప్రతిసారీ ఇది సుమారు అరగంట జరుగుతుంది. తరువాత లాలాజలం నోటిని మళ్లీ మామూలు స్థితికి తెస్తుంది. కాబట్టి ఎంత తిన్నారన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నది కూడా ముఖ్యమే. గంటకొక చాక్లెట్ చప్పరించే బిడ్డ పళ్లకు కోలుకునే సమయమే దొరకదు. "పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే" అనుకోకూడదు. అవి ముందుగానే పోతే, వచ్చే పళ్లు వంకరగా రావచ్చు.

మరి ఎంతవరకు తినవచ్చు? మనం తీసుకునే మొత్తం శక్తిలో చేర్చిన తీపి నుండి వచ్చేది పదో వంతుకు మించరాదనీ, అందులో సగానికి తగ్గితే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 1500 కేలరీలు అవసరమయ్యే బిడ్డకు పదో వంతు అంటే సుమారు 37 గ్రాములు, అనగా తొమ్మిది చిన్న చెంచాలు. టీలో రెండు, పాలలో రెండు వేస్తే నాలుగయ్యాయి. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు సీసాలో సుమారు ఆరు చెంచాల పంచదార ఉంటుంది. బిస్కెట్లు లెక్కలోకి రాకుండానే హద్దు దాటిపోయింది!

బెల్లం, తేనె మంచివేనని కొందరంటారు. పంటికి అవి కూడా తీపే. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు నాకించరాదు, ప్రమాదకరం.

బ్రిటన్‌లో యుద్ధకాలం నుండి 1953 వరకు పంచదారను రేషన్‌లో ఇచ్చారు. తల్లి గర్భంలోనూ, పుట్టిన తొలి రెండేళ్లలోనూ ఆ కొరతలో పెరిగినవారికి పెద్దయ్యాక మధుమేహం వచ్చే అవకాశం సుమారు 35 శాతం తక్కువగా ఉన్నట్లు 2024లో వెలువడిన పరిశోధన తెలిపింది. అందుకే రెండేళ్లలోపు పిల్లలకు పంచదార కలపకపోవడమే మంచిది.

అయితే ఒక్కసారిగా మాన్పిస్తే పిల్లలు మారాం చేస్తారు. మేము వారానికి అర చెంచా చొప్పున తగ్గించాము. టీ మాన్పించాము. బడినుండి రాగానే ఉడికించిన వేరుశనగలో, జామకాయో, అరటిపండో ఇస్తున్నాము. పండుగనాటి అరిసె భోజనంతోపాటే పెడుతున్నాము. రాత్రి పళ్లు తోమాక నీళ్లు తప్ప మరేమీ లేదు. చంటిబిడ్డ నోట్లో పాలసీసా ఉంచి నిద్రపుచ్చడం కూడా మానవలసిన అలవాటే.

అన్నిటికన్నా కష్టమైనది వాళ్ల నాయనమ్మను ఒప్పించడం. "పసివాడి నోరు కడతారా?" అని ఆమె కోప్పడింది. ఆ రాత్రి వాడి ఏడుపు గుర్తుచేశాము. ఇప్పుడు ఆమె కొంగుముడిలో చాక్లెట్లకు బదులు వేయించిన శనగలు ఉంటున్నాయి. వాడు ఇప్పటికీ పరుగెత్తుకొని ముందు ఆమె దగ్గరికే వెళ్తున్నాడు.