టిప్పు కత్తి వెనక... నిప్పు!

వెదురుబద్ద కత్తి. తువ్వాలు తలపాగా. తలగడే గుర్రం! 1990లో దూరదర్శన్‌లో ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ మొదలయ్యాక చాలా ఇళ్లలో పిల్లల వేషం ఇదే. ఆ కత్తియుద్ధాల వెనక ఎంత విషాదం ఉందో ఆ వయసులో ఎవరికి తెలుసు?

అప్పట్లో పిల్లలకు తెలిసిన టీవీ అంటే దూరదర్శనే. టీవీ ఉన్నవాళ్ల ముందుగదిలో వీధి పిల్లలంతా చాపల మీద సర్దుకునేవారు. బొమ్మ చెదిరితే ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పడం, ‘వచ్చింది... వచ్చింది... అయ్యో, పోయింది’ అని కిందనుంచి ఇంకొకరు కేకేయడం మామూలే. హిందీ మాటలు సగం అర్థమయ్యేవి కావు. అయితేనేం... గుర్రాల పరుగుకీ ఫిరంగుల మోతకీ భాషతో పనేముంది! పైగా రాయలసీమ పిల్లలకు అది పరాయి కథేం కాదు. అక్కడి గుర్రంకొండ కోట ఒకప్పుడు టిప్పు ఏలుబడిలో ఉన్నదే.

అగ్నికి ఆహుతి
భగవాన్ గిద్వానీ 1976లో రాసిన నవలను సంజయ్ ఖాన్ సీరియల్‌గా తీశారు. టిప్పు పాత్రా ఆయనదే. 1989 ఫిబ్రవరి 8న మైసూరు ప్రీమియర్ స్టూడియోలో షూటింగ్ జరుగుతుండగా మంటలు చెలరేగాయి. గోడలకు గోనెపట్టాలు, పెద్దపెద్ద లైట్ల వేడి, గాలి ఆడని ఫ్లోరు... అన్నీ కలిసి నిప్పును పెంచాయి. 62 మంది చనిపోయారు. తీవ్రంగా కాలిపోయిన సంజయ్ ఖాన్ నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉన్నారు. 70కి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. దర్శకత్వంలో తమ్ముడు అక్బర్ ఖాన్ కూడా చేయి వేశారు. సీరియల్ ఆగలేదు.

కథ ఏది... నిజం ఏది?
టిప్పును వీరుడిగా చూపడంపై అభ్యంతరాలు వచ్చాయి. వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది. చివరికి ‘ఇది నవల ఆధారంగా తీసిన కల్పిత కథ’ అన్న ప్రకటనతో ప్రసారమైంది. పిల్లల కళ్లు ఆ అక్షరాల మీద నిలిస్తేగా! అయితే మైసూరు సైన్యం ఇనుపగొట్టాల్లో మందు కూరి వదిలిన రాకెట్లు మాత్రం కల్పన కాదు. 1780 నాటి పొల్లిలూరు యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ సేనలు వాటి దెబ్బను చవిచూశాయి. నాసా వాలప్స్ కేంద్రంలో ఆ రాకెట్ల యుద్ధం బొమ్మను చూసిన సంగతిని అబ్దుల్ కలాం తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఆనాటి పిల్లలు ఇప్పుడు తల్లులూ తండ్రులూ. పాత భాగాలు చూపిస్తే, ‘ఇందులో యుద్ధమంతా నిజమేనా?’ అని వాళ్ల పిల్లలు అడగడం ఖాయం. కత్తులది నటనే. నిప్పు మాత్రం నిజం. అందులో కాలిపోయిన 62 మంది గురించి కూడా ఆ పిల్లలకు చెప్పాలి.