పల్లె వైద్యానికి ఏ యాప్ మేలు?

తోటపల్లి గూడూరు: వైద్యం ఫోనులోకి వచ్చింది. కానీ ఫోను ఉన్నంత మాత్రాన చాలదు, సిగ్నలు కూడా ఉండాలి. అందుకే వైద్యసేవలకు ఫోనులో దించుకునే యాప్ మంచిదా, ఇంటర్నెట్‌లో తెరిచే వెబ్ పేజీ మంచిదా అన్నది తీరగ్రామాలకు పట్టింపు ఉన్న విషయమే.

యాప్ ఫోనులో చోటు తీసుకుంటుంది. అప్పుడప్పుడూ అప్‌డేట్ చేసుకోవాలి. పాత ఫోనుల్లో ఎక్కకపోవచ్చు. అయితే రాసిన వివరాలను ఫోనులోనే దాచి, సిగ్నలు అందగానే పంపేలా దాన్ని తయారు చేయవచ్చు. వెబ్ పేజీకి దించుకునే పనిలేదు. ఎవరి ఫోనులోనైనా తెరుచుకుంటుంది. సిగ్నలు పోతే మాత్రం సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది.

ఏఎన్‌ఎంకు ఒకటి, రోగికి ఒకటి

గర్భిణులు, పిల్లల వివరాల నమోదుకు 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఏఎన్‌ఎంల కోసం ప్రారంభమైన అన్‌మోల్ యాప్ నెట్ లేకపోయినా పనిచేసేలా రూపొందింది. ఇంటింటికీ తిరిగే ఏఎన్‌ఎంకు ఇదే ముఖ్యం. గర్భిణి బీపీ లెక్క గల్లంతైతే ప్రమాద సూచన కూడా గల్లంతైనట్టే.

రోగి సంగతి వేరు. ఏడాదికి ఒకటి రెండుసార్లు డాక్టరుతో మాట్లాడే రొయ్యల చెరువు కూలీకి యాప్ భారమే. 2020 ఏప్రిల్‌లో ఇళ్లకు అందుబాటులోకి వచ్చిన ఈ-సంజీవని వెబ్‌లోనూ, యాప్‌లోనూ ఉంది. దేనిలో చూసినా డాక్టరుతో వీడియో మాటలకు నెట్ తప్పదు.

ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట గోప్యత మరో సమస్య. యాప్‌కు పిన్ పెట్టుకోవాలి. వెబ్‌లో పని కాగానే లాగౌట్ కావాలి. లేకుంటే ఒకరి జబ్బు సంగతి మరొకరి కంట పడుతుంది.

ఇదిలా ఉండగా, కొంత సమాచారాన్ని ఫోనులో దాచుకోగల వెబ్ పేజీలూ వచ్చాయి. ఫోను మెమరీ నిండితే బ్రౌజరు ఆ సమాచారాన్ని చెరిపేసే అవకాశం ఉంది కాబట్టి, రోగి వివరాలను వాటికే వదిలేయడం క్షేమం కాదు.

మనిషి తోడు తప్పదు

2021లో 18-44 ఏళ్లవారికి కోవిడ్ టీకా నమోదును తొలుత ఆన్‌లైన్‌లోనే తప్పనిసరి చేశారు. ఫోను, నెట్ లేనివారి గతేమిటన్న విమర్శలు వచ్చాయి. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు వీలు కల్పించడం గమనార్హం.

కాబట్టి ఏఎన్‌ఎంకు నెట్ లేకున్నా నడిచే యాప్, రోగికి తెలుగులో తేలికపాటి వెబ్ పేజీ, రెండూ వాడలేనివారికి ఆరోగ్య కేంద్రంలో రాసిపెట్టే మనిషి కావాలి. ఏ యాప్‌నైనా నగరంలోని ఆఫీసులో చూసి సరిపెట్టుకోకుండా, కోడూరు వంటి తీరగ్రామాల్లో పరీక్షించాకే అమలులో పెట్టడం మేలు.